ట్యాపెట్ గ్యాపు వేరు, పిస్టన్‌కీ వాల్వుకీ మధ్య ఖాళీ వేరు: రెండుసార్లు వాల్వు వంగిన ఒక 150 సీసీ ఇంజిన్

గత వేసవిలో మా షెడ్డుకు వచ్చిన బండి ఇది. యజమాని పేరు, ఊరు, బండి కంపెనీ చెప్పడం లేదు. ఇక్కడ జరిగింది ఏ సింగిల్ సిలిండర్ ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌కైనా జరగొచ్చు కాబట్టి వాటితో పనీ లేదు. ఇంజిన్ వివరాలు మాత్రం కావాలి. ఎయిర్ కూల్డ్ 150 సీసీ, రెండు వాల్వులు, హెడ్డులో ఒకే క్యామ్ (వాల్వులను తెరిపించే ఉబ్బుల ఇరుసు), దాని కదలికను వాల్వులకు అందించే రెండు రాకర్లు, క్యామ్‌ను తిప్పేది టైమింగ్ చైను. బోరు 57.3 మి.మీ., స్ట్రోకు 57.8 మి.మీ.

రోడ్డు మీద తిప్పే బండి కాదు. యజమాని చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై రేస్ ట్రాక్‌కు ట్రాలీలో వేసుకెళ్లి, అక్కడ నడిపి, మళ్లీ ట్రాలీలోనే తెచ్చుకుంటాడు. కంపెనీ స్పెసిఫికేషన్ మార్చిన బండితో రోడ్డెక్కడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. అందుకే రోడ్డు బండ్లకు ఈ పని నేను ముట్టుకోను.

మా దగ్గరకు రాకముందే వేరే షెడ్డులో దీనికి ఇంజిన్ పని జరిగింది. బయట కొన్న పర్‌ఫార్మెన్స్ క్యామ్ వేశారు. కంప్రెషన్ పెంచడానికి హెడ్డును లేత్ షాపులో 0.6 మి.మీ. ఫేసింగ్ చేయించారు, అంటే దాని అడుగు అంత మేర చెక్కించారు. దాంతో కంప్రెషన్ రేషియో 9.1 నుంచి దాదాపు 9.85కి ఎక్కింది. కార్బురేటర్, సైలెన్సర్ కూడా మార్చారు. పిస్టన్ మాత్రం కంపెనీదే. క్యామ్ మార్చి, హెడ్డు కిందికి దించి, పిస్టన్‌ను మాత్రం అలాగే ఉంచారన్నది గుర్తుపెట్టుకోండి.

వచ్చిన కంప్లయింట్

మొదటి ట్రాక్ డేలో 40 నిమిషాలు బ్రహ్మాండంగా పరిగెత్తిందట. 10,000 ఆర్‌పీఎం దాటాక ఒకచోట గేరు తప్పుగా పడి ఒక్కసారిగా అరిచింది. అప్పటి నుంచి పికప్ లేదు, సైలెన్సర్‌లో టపటపా పేలుళ్లు. ఆ షెడ్డు వాళ్లు ట్యాపెట్ మూతలు తీసి చూస్తే ఎగ్జాస్ట్ ట్యాపెట్ గ్యాపు (రాకర్‌కూ వాల్వు తోకకూ మధ్య సందు) 0.12 మి.మీ. ఉండాల్సింది 0.35కి పోయి ఉంది. "లూజయింది" అని బిగించి 0.12కి తెచ్చి ఇచ్చారు. రెండో ట్రాక్ డేలో పది నిమిషాలకే మొరాయించింది. విప్పితే ఎగ్జాస్ట్ వాల్వు వంగి ఉంది. వాల్వు మార్చి, సీటు (వాల్వు మూసుకున్నప్పుడు ఆనే అంచు) ల్యాపింగ్ చేసి, మళ్లీ బిగించారు. మూడోసారి వెళ్లాడు, మళ్లీ అదే వాల్వు, అదే చప్పుడు. ఈసారి బండి నా దగ్గరకు వచ్చింది.

బండి యజమాని అయిన ఆ అబ్బాయి మొదట అన్న మాట ఇది: "అన్నా, వాల్వ్ క్లియరెన్స్ మూడుసార్లు చెక్ చేయించా. ఫీలర్ గేజ్ పెట్టి నా కళ్ల ముందే చూపించారు. కరెక్టుగానే ఉంది."

ఈ చిక్కంతా ఆ మాటలోనే ఉంది. సర్వీసింగ్‌లో మనం వాల్వ్ క్లియరెన్స్ అనేది రాకర్‌కూ వాల్వు తోకకూ మధ్య ఉండే గ్యాపును. అది మి.మీ.లో పదో వంతు. ఇంజిన్‌ను మార్చేటప్పుడు చూడాల్సిన క్లియరెన్స్ ఇంకోటి ఉంది. అది వాల్వు ముఖానికీ పిస్టన్ తలకూ మధ్య ఖాళీ. ఫీలర్ గేజ్ అక్కడికి పోదు. కంపెనీ ఆ ఖాళీని డిజైన్‌లోనే చూసి ఇస్తుంది కాబట్టి మామూలు సర్వీసింగ్‌లో దాని ఊసే రాదు. క్యామ్ మార్చిన రోజున, హెడ్డు ఫేసింగ్ చేసిన రోజున ఆ బాధ్యత మన నెత్తిన పడుతుంది. పేరు ఒకటే కావడంతో ఒకటి చూసి రెండోదీ చూశామనుకుంటాం.

ముందు ఆలోచించింది

విప్పకముందు నన్ను ఆపింది ఆ 0.35. ట్యాపెట్ గ్యాపు మారడానికి కారణాలు కొన్నే. వాల్వు సీటులోకి దిగిపోతే తోక పైకి లేచి గ్యాపు తగ్గుతుంది. రాకర్ అంచో క్యామో అరిగితే పెరుగుతుంది, కానీ నెమ్మదిగా, వేల కిలోమీటర్లలో. ఒక్క పూటలో 0.23 పెరిగిందంటే లాక్‌నట్ వదిలి ఉండాలి, లేదా వాల్వు పూర్తిగా మూసుకోకపోవడం వల్ల తోక కిందికే నిలిచిపోయి ఉండాలి. లాక్‌నట్ గట్టిగానే ఉందని వాళ్లే చెప్పారు. అంటే మొదటి రోజునే వాల్వు వంగింది. గ్యాపు దాన్ని చెప్పింది, వాళ్లు గ్యాపును సరిచేసి ఆ సాక్ష్యాన్ని చెరిపేశారు. ఒక్కసారిగా పెరిగిన గ్యాపును బిగించే ముందు కంప్రెషన్ చూడాలి. మా షెడ్డులో పని నేర్చుకునేవాళ్లకు ఇది మొదటి నెలలోనే చెబుతాను.

కంప్రెషన్ స్ట్రోకు టీడీసీలో (పిస్టన్ అన్నిటికన్నా పైకి వచ్చే చోటు) నిలిపి ప్లగ్ రంధ్రంలోంచి గాలి పెడితే సైలెన్సర్‌లోంచి బుస్సుమని వచ్చింది. హెడ్డు విప్పాక పిస్టన్ మీద ఎగ్జాస్ట్ వైపు పాకెట్ (వాల్వుకు చోటిచ్చే పల్లం) అంచున, నల్లటి కార్బన్ మధ్య, నెలవంక ఆకారంలో తెల్లగా మెరిసే గీత. గోరు పెడితే తగిలేంత లోతు. వాల్వును వీ బ్లాకు మీద తిప్పితే డయల్ గేజ్ ముల్లు 0.18 మి.మీ. ఊగింది. ఇన్లెట్ వైపు గీత లేదు.

నేను మొదట చేసి తప్పిన పని

ఇక్కడ నా తప్పు రాయాలి. గేరు తప్పు పడి ఇంజిన్ మితిమీరి తిరిగింది కాబట్టి ఇది వాల్వు ఫ్లోటే అని నేను ముందే తీర్మానించుకున్నాను. అంటే స్ప్రింగు వాల్వును క్యామ్ వెంట వేగంగా వెనక్కి లాగలేకపోవడం. 10,500 ఆర్‌పీఎంలో ఎగ్జాస్ట్ వాల్వు సెకనుకు 87 సార్లు తెరిచి మూయాలి. పాత స్ప్రింగుకు అది కష్టమే. క్యామ్‌తో పాటు వచ్చిన గట్టి స్ప్రింగులు కొత్తగానే పెట్టెలో ఉన్నాయి, వాటిని ఎవరూ వేయలేదు. అవి వేస్తే సరిపోతుందనుకున్నాను.

అయినా ఖాళీ కొలవకుండా బిగించలేదు. పిల్లలు ఆడుకునే క్లే తెచ్చి పాకెట్లలో పరిచి, వాల్వులకు నూనె రాసి, వాడిన గాస్కెట్‌తో హెడ్డు బిగించి, క్రాంకును రెండు పూర్తి చుట్లు తిప్పి, మళ్లీ దించి బ్లేడుతో కోసి చూశాను. ఎగ్జాస్ట్ వైపు అతి పలచని చోట 1.3 మి.మీ. ఇన్లెట్ 1.9. ఇలాంటి చిన్న ఇంజిన్‌లో ఎగ్జాస్ట్‌కు 1.5, ఇన్లెట్‌కు 1.0 కన్నా తక్కువ ఉండకూడదన్నది నేను పెట్టుకున్న గీత. 1.3 ఆ గీత కిందే. గట్టి స్ప్రింగు ఉంది కదా, పరవాలేదనుకున్నాను. ఆ సర్దుబాటు చేసుకోకుండా ఉండాల్సింది.

ఎగ్జాస్ట్‌కు ఎక్కువ ఎందుకంటే, ఎగ్జాస్ట్ స్ట్రోకు చివర పిస్టన్ పైకి వస్తూ మూసుకుంటున్న వాల్వును తరుముతుంది. వాల్వు కాస్త ఆలస్యమైనా పిస్టన్ వచ్చి గుద్దుతుంది. ఇన్లెట్‌కు ఇది తిరగబడుతుంది. పిస్టన్ కిందికి పారిపోతుంటే వాల్వు వెంటపడుతుంది. పైగా ఎగ్జాస్ట్ వాల్వు ఎర్రగా కాలి కొంచెం పొడుగవుతుంది.

బిగించి, స్టాండ్ మీద, తర్వాత ఖాళీ స్థలంలో 20 నిమిషాలు నడిపాం. 10,000 దాటించలేదు. చల్లారాక ప్లగ్ తీసి బోరోస్కోప్ కెమెరా దింపితే కొత్త నెలవంక. లోతు లేదు, కార్బన్ మాత్రమే చెరిగింది. వాల్వు వంగలేదు. కానీ కొత్త స్ప్రింగుతో, గేరు తప్పకుండా, 10,000 లోపే తగిలింది. 1.3 నిజమైతే అక్కడ తగలకూడదు. నా కొలతే అబద్ధం చెబుతోందన్నమాట.

కొలత ఎందుకు తప్పింది

రాత్రంతా ఆలోచించి పొద్దున్నే పట్టుకున్నది ఇది: క్లే టెస్ట్ చేసేటప్పుడు త్వరగా అవుతుందని చైనును బిగువుగా ఉంచే టెన్షనర్ బిగించలేదు.

టెన్షనర్ లేకపోతే చైను వదులు. క్యామ్ ముక్కు (ఉబ్బు కొన) దాటాక ఎగ్జాస్ట్ స్ప్రింగు రాకర్ ద్వారా క్యామ్‌ను ముందుకు నెడుతుంది. వదులున్నంత మేర క్యామ్ ముందుకు జారి, వాల్వు అసలు కన్నా ముందే మూసుకుంటుంది. పిస్టన్ పైకి వచ్చేసరికి వాల్వు దారిలోంచి తప్పుకుని ఉంటుంది. క్లే మందంగా మిగిలి ఖాళీ ఎక్కువగా కనిపిస్తుంది. చేత్తో స్ప్రాకెట్ ఆడించి చూస్తే వదులు క్రాంకు లెక్కలో సుమారు 6 డిగ్రీలు. ఆ చోట ఎగ్జాస్ట్ వాల్వు డిగ్రీకి 0.1 మి.మీ. చొప్పున కదులుతోంది. అంటే 0.6 మి.మీ. తప్పు. 1.3లో 0.6 తీసేస్తే ఎంత మిగులుతుందో చూసి నా గుండె జారింది.

సరిగ్గా కొలిచిన తీరు

ఈసారి తొందర లేకుండా చేశాం. వాల్వు స్ప్రింగులు తీసేసి, వేలితో నొక్కితే నొక్కుకుపోయే మెత్తని స్ప్రింగులు వేశాం. గట్టి స్ప్రింగులుంటే వాల్వును చేత్తో కిందికి నెట్టి పిస్టన్‌కు తగిలించలేం. మెత్తనివి వేస్తే క్యామ్‌ను ముందుకు తోసే బలమూ ఉండదు. టెన్షనర్ బిగించాం. వాడిన గాస్కెట్టే వేసి, బోల్టులు పూర్తి టార్క్‌కు బిగించాం. కొత్త గాస్కెట్ నలిగాక పలచబడుతుంది కాబట్టి, నలగని గాస్కెట్‌తో కొలిస్తే ఖాళీ ఎక్కువ చూపిస్తుంది. ట్యాపెట్ గ్యాపు కూడా నడిపే కొలతకే పెట్టాం.

తర్వాత క్రాంకుకు డిగ్రీ వీల్ (డిగ్రీలు గీసిన పళ్లెం) కట్టి టీడీసీ పట్టుకోవాలి. పిస్టన్ పైన కొన్ని డిగ్రీల పాటు కదలనట్టే ఉంటుంది కాబట్టి కంటితో టీడీసీ దొరకదు. ప్లగ్ రంధ్రంలో పిస్టన్‌ను ఆపే బోల్టు బిగించి, ముందుకు తిప్పి ఆగిన చోట ఒక అంకె, వెనక్కి తిప్పి ఆగిన చోట ఇంకో అంకె చూసి, రెంటికీ సరిగ్గా మధ్యలో సున్నా పెట్టాం. బోల్టు తీసేశాం. డయల్ గేజ్ ముల్లును ఎగ్జాస్ట్ వాల్వు రిటైనర్ (స్ప్రింగును పట్టి ఉంచే టోపీ) మీద నిలిపి, క్రాంకును ఒక్కో 5 డిగ్రీలకు ఆపి, వాల్వును వేలితో పిస్టన్‌ను తాకేదాకా నొక్కి ఎంత దిగిందో రాసుకున్నాం.

టీడీసీకి ముందు 20 డిగ్రీల దగ్గర 1.20 మి.మీ. 15 దగ్గర 0.85. 10 దగ్గర 0.70. 5 దగ్గర 0.80. సరిగ్గా టీడీసీలో 1.15.

అంటే అసలు ఖాళీ 0.70. అతి తక్కువ ఖాళీ టీడీసీలో లేదని కూడా చూడండి. టీడీసీలో మాత్రమే కొలిచి ఉంటే 1.15 కనబడేది, 0.45 మి.మీ. మోసపోయేవాళ్లం. ఎగ్జాస్ట్‌కు టీడీసీకి కాస్త ముందు, ఇన్లెట్‌కు కాస్త తర్వాత వెతకాలి.

ఇంకో అపోహ. "క్యామ్ లిఫ్ట్ ఎక్కువ, అందుకే తగిలింది" అని ఆ అబ్బాయీ, ముందటి మెకానిక్కూ అన్నారు. వాల్వు పూర్తిగా తెరుచుకునేసరికి పిస్టన్ ఎక్కడో కింద ఉంటుంది, అక్కడ లిఫ్ట్, అంటే వాల్వు తెరుచుకునే ఎత్తు, ఎంత ఉన్నా తగలదు. తగిలేది టీడీసీ చుట్టూ రెండు వాల్వులూ కొద్దికొద్దిగా తెరిచి ఉండే ఓవర్‌ల్యాప్‌లో. ఈ క్యామ్‌లో టీడీసీ దగ్గర ఎగ్జాస్ట్ ఇంకా 2.2 మి.మీ. తెరిచే ఉంది. క్యామ్ కొనేటప్పుడు పెట్టె మీది పెద్ద అంకె కాదు, ఈ అంకె అడగాలి.

హెడ్డు ఫేసింగ్ చేసిన రెండో పని

0.6 మి.మీ. దించితే ఖాళీ సుమారు అంతే తగ్గుతుందని అందరికీ తెలుసు. దాని వెనకే ఇంకోటి జరుగుతుంది. చైను పొడవు మారదు, క్యామ్ మాత్రం క్రాంకుకు 0.6 దగ్గరైంది. లాగే వైపు ఆ మేరకు చైను మిగులుతుంది, టెన్షనర్ దాన్ని తన వైపుకు లాగేసుకుంటుంది, క్యామ్ వెనకబడుతుంది. 34 పళ్ల స్ప్రాకెట్, 6.35 మి.మీ. పిచ్ చైను: స్ప్రాకెట్ వ్యాసార్థం దాదాపు 34 మి.మీ. దాని మీద 0.6 అంటే క్యామ్‌కు 1 డిగ్రీ, క్రాంకుకు 2 డిగ్రీలు. క్యామ్‌తో వచ్చిన కార్డులో ఇన్లెట్ లోబ్ సెంటర్ (ఇన్లెట్ పూర్తిగా తెరుచుకునే చోటు, టీడీసీ తర్వాత డిగ్రీల్లో) 106 అని ఉంటే మా డిగ్రీ వీల్ 108 చూపించింది. లెక్క సరిపోయింది.

క్యామ్ వెనకబడితే ఇన్లెట్ ఆలస్యంగా తెరుచుకుంటుంది, దానికి ఖాళీ పెరుగుతుంది. ఎగ్జాస్ట్ ఆలస్యంగా మూసుకుంటుంది, దాని ఖాళీ ఇంకా తగ్గుతుంది. ఫేసింగ్ దెబ్బ ఎగ్జాస్ట్‌కు రెండు వైపుల నుంచి తగిలింది. ఇన్లెట్ మీద గీత ఎందుకు లేదో అప్పుడు అర్థమైంది.

ఎంచుకున్న దారి

సులువైనది మందం గాస్కెట్. 0.5 మి.మీ. ఎక్కువ వేస్తే ఖాళీ 1.2 అవుతుంది. వద్దనుకున్నాను. సోల్డర్ తీగతో కొలిస్తే పిస్టన్ అంచుకూ హెడ్డుకూ మధ్య స్క్విష్ 0.85 మి.మీ. వచ్చింది, మంచి కొలత. దాన్ని 1.35కి పోనిస్తే పెట్రోలు, గాలి మిక్చర్ సరిగా కలవక నాకింగ్ (మిక్చర్ దానంతటదే పేలడం) మొదలవుతుంది. అప్పటికీ 1.5 రాదు.

క్యామ్‌ను 2 డిగ్రీలు ముందుకు జరపడం ఎలాగూ చేయాలి, అది దాని అసలు స్థానం. ఒక పన్ను మారిస్తే క్రాంకుకు 21 డిగ్రీలు దూకుతుంది కాబట్టి స్ప్రాకెట్ బోల్టు రంధ్రాలనే పొడిగించాలి. రంధ్రాలు మధ్య నుంచి 12 మి.మీ. దూరంలో ఉన్నాయి. 1 డిగ్రీకి 0.2 మి.మీ. సన్న ఆకురాయితో నాలుగు లాగులు, కొలత, మళ్లీ రెండు లాగులు. దాంతో ఎగ్జాస్ట్ 0.90 అయింది, ఇన్లెట్ 1.7కి తగ్గింది. ఇన్లెట్‌కు అంత ఇచ్చినా నష్టం లేదు.

మిగతా 0.7 పిస్టన్ పాకెట్‌లోనే తీయాలి. అంతకుముందు పిస్టన్ తలకు అంత మందం ఉందా చూడాలి. పాకెట్ కింద 5.2 మి.మీ. ఉంది. 4 కన్నా తగ్గించను. 0.7 తీస్తే 4.5 ఉంటుంది. పై రింగు గాడికీ పాకెట్ అంచుకూ మధ్య లోహం కూడా చూసుకున్నాం. ఇది సరిపోకపోయి ఉంటే లోతు పాకెట్ల ఫోర్జ్‌డ్ పిస్టన్ తెప్పించుకోమనేవాణ్ణి.

పాకెట్ మధ్య బిందువు ఎక్కడో ఊహించకూడదు. వాల్వు కాండం అంతే లావున్న స్టీలు కడ్డీకి మొన తీసి, హెడ్డు బిగించి ఉండగానే గైడ్‌లోంచి (వాల్వు కాండం ఆడే గొట్టం) దింపి సుత్తితో చిన్నగా తట్టాం. పిస్టన్ మీద చుక్క పడింది. మిల్లింగ్ షాపులో ముప్పై ఏళ్లుగా ఇదే పని చేస్తున్న బాబాయ్ వాల్వు వాలుకు పిస్టన్‌ను వంచి పట్టించి, కట్టర్‌ను ఆ చుక్క మీదకు తెచ్చి, 0.1 చొప్పున ఏడుసార్లు దించాడు. అల్యూమినియం పొట్టు సన్నగా, వెండి జరీలా ఊడి పడింది. వాల్వు అంచుకూ పాకెట్ గోడకూ పక్కన 0.6 మి.మీ. మాత్రమే ఉంది, దాన్నీ 1.2కి వెడల్పు చేయించాం. లోతు మాత్రమే చూసి పక్క ఖాళీ మరిచిపోతే వాల్వు గోడకు రాసుకుంటుంది.

కట్టర్ వదిలిన అంచులు కత్తిలా ఉన్నాయి. అవి ఇంజిన్‌లో ఎర్రగా కాలి ప్లగ్ కన్నా ముందే మంట అంటిస్తాయి. 400 నంబర్ ఎమరీతో గుండ్రంగా రుద్దాం. తీసిన లోహం 0.2 సీసీ ఉంటుంది. కంప్రెషన్ 9.85 నుంచి 9.7కి వచ్చింది. పిస్టన్ బరువు అర గ్రాము తగ్గింది, దాన్ని పట్టించుకోలేదు.

గట్టి స్ప్రింగులు వేస్తున్నాం కాబట్టి పూర్తి లిఫ్ట్‌లో చుట్టలు ఒకదానికొకటి ఆనుతున్నాయా, రిటైనర్ వాల్వ్ సీల్‌ను తాకుతుందా అన్నదీ చూశాం. సీల్ దగ్గర 0.6 మి.మీ. మాత్రమే ఉంది. గైడ్ తల కొంచెం తీయించి 1.2 చేశాం. తొందరలో బిగించి ఉంటే నాలుగో ట్రాక్ డేలో సీల్ పగిలేది.

ఫలితం

డయల్ గేజ్‌తో ఎగ్జాస్ట్ 1.60. టెన్షనర్ బిగించి మళ్లీ క్లే పెడితే 1.55. రెండు పద్ధతులూ ఒకే మాట చెప్పాకే కొత్త వాల్వు, కొత్త గాస్కెట్‌తో ఇంజిన్ మూశాం. స్పార్కును నడిపే సీడీఐ పెట్టెలో రెవ్ లిమిట్ 10,500కి పెట్టించాం. గేరు తప్పుగా కిందికి పడితే చక్రమే ఇంజిన్‌ను తిప్పుతుంది, లిమిటర్ దాన్ని ఆపలేదు. ఆ మాట ఆ అబ్బాయికి రెండుసార్లు చెప్పాను.

తర్వాత మూడు ట్రాక్ డేలు నడిచింది. ప్రతిసారీ బోరోస్కోప్ దింపి చూశాం, కార్బన్ మీద గీత లేదు. ఎగ్జాస్ట్ ట్యాపెట్ గ్యాపు 0.12 దగ్గరే నిలిచింది.

ఈ కేసు తర్వాత మా జాబ్ కార్డులో "వాల్వ్ క్లియరెన్స్" అన్న ఒక్క గడిని మూడుగా చీల్చాం: ట్యాపెట్ గ్యాపు, పిస్టన్‌కు లోతు, పాకెట్ గోడకు పక్క ఖాళీ. పక్కన టెన్షనర్, గాస్కెట్, టార్క్ అని ఇంకో మూడు గడులు. అవి నిండకపోతే కొలతను రాయనివ్వను.

ఆ అబ్బాయికి కార్డు మీద ఎర్ర సిరాతో ఒకటి రాసిచ్చాను. టైమింగ్ చైను వాడకంలో సాగుతుంది, సాగితే క్యామ్ మళ్లీ వెనకబడుతుంది, ఎగ్జాస్ట్ ఖాళీ మళ్లీ తగ్గుతుంది. 1.6 అన్నది ఈ చైనుకు, ఈ రోజుకు. చైను మార్చినా, టెన్షనర్ చివరిదాకా వచ్చినా డిగ్రీ వీల్ కట్టకుండా నడపొద్దు.